బ్రిడ్జ్ ఆఫ్ ఆర్కీ నుంచి కిన్‌లాక్‌లెవెన్ వరకు: ముసురులో ఒక్క రోజు నడక

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. గ్లాస్గోలో చదువుకుంటున్న మీరు ముగ్గురు మిత్రులు సెప్టెంబరు చివరి వారంలో స్కాట్లాండ్‌లోని వెస్ట్ హైలాండ్ వే అనే కాలిబాట మీద బ్రిడ్జ్ ఆఫ్ ఆర్కీ నుంచి కిన్‌లాక్‌లెవెన్ వరకు, అంటే సుమారు 34 కిలోమీటర్లు, ఒకే రోజులో నడవాలనుకుంటున్నారు. ఆ వారమంతా వాన సూచన ఉంది. అలిపిరి మెట్లు ఎన్నోసార్లు ఎక్కారు, వానాకాలంలో పశ్చిమ కనుమల్లో నడిచారు కనుక వాన మీకు కొత్త కాదు. ఈ నడక చేయవచ్చా, చేస్తే ఏమేం సర్దుకోవాలి అన్నది ప్రశ్న. నా సమాధానం ముందే చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. వాన రోజున, ఇరవై కిలోమీటర్ల దగ్గర హోటల్ ఉన్న కింగ్స్‌హౌస్‌నే గమ్యంగా పెట్టుకోండి. మధ్యాహ్నం ఒంటిగంటన్నరలోపు అక్కడికి చేరి, ముగ్గురూ వెచ్చగా, ఓపికగా ఉంటేనే మిగిలిన 14 కిలోమీటర్లు నడవండి. లేకపోతే అక్కడే ఆగిపోండి. కిన్‌లాక్‌లెవెన్‌లో గది ముందే బుక్ చేసుకున్నామన్నది ముందుకు సాగడానికి తగిన కారణం కాదు.

మీకు అనుభవం లేదని నేను ఇలా అనడం లేదు. మీకున్న అనుభవం ఒక విషయంలో మిమ్మల్ని తప్పుదారి పట్టించవచ్చని అంటున్నాను. మన ప్రాంతపు వాన వెచ్చని వాన. జూలైలో కనుమల్లో తడిసి ముద్దయినా గాలి ఇరవై డిగ్రీలకు పైగానే ఉంటుంది, నడుస్తూ ఉంటే ఒంటి మీది బట్ట ఒంటి వేడికే కొంత ఆరుతుంది, ఆగినా వణుకు పుట్టదు. అందువల్ల తడవడం ఒక చిరాకు మాత్రమేనని మనకు చిన్నప్పటి నుంచీ అలవాటైపోయింది. హైలాండ్స్‌లో, అంటే మీరు నడిచే ఆ స్కాట్లాండ్ కొండ సీమలో, సెప్టెంబరు చివర బాట మీద ఎనిమిది, పది డిగ్రీలు ఉండటం మామూలు సంగతి. ఎనిమిది డిగ్రీల చలిలో గంటకు 50 కిలోమీటర్ల గాలి వీస్తే పొడి చర్మానికే అది సుమారు మూడు డిగ్రీల చలిలా తగులుతుంది. బట్టలు తడిసి ఉంటే శరీరం వేడిని కోల్పోయే వేగం మరీ పెరుగుతుంది, ఎందుకంటే నీరు గాలి కంటే దాదాపు ఇరవై అయిదు రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. కాబట్టి అక్కడ వాన, గాలి, ఆగిపోవడం అనే మూడూ కలిసినప్పుడే ప్రమాదం. వాన ఒక్కటే ఉండి మీరు నడుస్తూ ఉన్నంతసేపూ పెద్ద ఇబ్బంది ఉండదు. రోజు మొత్తాన్ని ఈ ఒక్క లెక్క చుట్టూ అమర్చుకోవాలి.

వాన ఎంత అన్నది కూడా తెలుసుకోవాలి. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లు; పశ్చిమ హైలాండ్స్ కొండల్లో 3000 మిల్లీమీటర్లు దాటే చోట్లు ఉన్నాయి. అట్లాంటిక్ మీదుగా తేమ మోసుకొచ్చే నైరుతి, పడమటి గాలులు సముద్రాన్ని ఆనుకుని లేచిన కొండలను తాకి అక్కడే వానను వదిలేస్తాయి. మన జడివాన ఒక గంట దంచి ఆగుతుంది. అక్కడిది చాలాసార్లు రోజంతా వదలని ముసురు, మధ్యమధ్యలో గాలితో కలిసి అడ్డంగా కొట్టే జల్లు. చెట్టు కిందో, కొట్టు చూరు కిందో నిలబడి తగ్గాక బయలుదేరుదాం అనే పద్ధతి అక్కడ పనికిరాదు. నిలబడటానికి చోటు ఉండదు, నిలబడితే చలి పట్టుకుంటుంది, ఎంతసేపు చూసినా వాన తగ్గకపోవచ్చు.

ఇప్పుడు సమయం సంగతి. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన కొలత ఇప్పటికీ అందరూ వాడుతున్నారు: గంటకు సుమారు అయిదు కిలోమీటర్లు, దానిమీద ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. మీ దారి 34 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు సుమారు 750 మీటర్లు అనుకుంటే ఎక్కడా ఆగకుండా ఎనిమిది గంటలు. తడిసిన రాళ్లు, ఎదురుగాలి, బురద, జాకెట్లు తీయడం వేయడం కలిపి పావు వంతు పెంచితే పది గంటలు. తినడానికి, బొబ్బలకు ప్లాస్టర్ వేసుకోవడానికి గంట వేసుకుంటే పదకొండు. సెప్టెంబరు చివర అక్కడ పగలు దాదాపు పన్నెండు గంటలు, ఉదయం ఏడు దాటాక తెల్లవారి సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో పొద్దు గూకుతుంది. అంటే మీ చేతిలో మిగిలేది ఒక్క గంట. ఒకరి మోకాలు పట్టేసినా ఆ గంట కరిగిపోతుంది, చివరి దిగుడు చీకట్లో దిగాల్సి వస్తుంది. ఇదే దారిని జూన్‌లో, పదిహేడు గంటల పగటి వెలుతురులో నడుస్తామని అడిగి ఉంటే నా సమాధానం వేరుగా ఉండేది.

దీనివల్ల ఇంకొకటి తేలుతోంది. గ్లాస్గో నుంచి ఉదయపు రైలులో వచ్చి అప్పుడు నడక మొదలుపెట్టడం కుదరదు. రైలు ప్రయాణమే దాదాపు రెండున్నర గంటలు, దిగేసరికి పొద్దు బాగా ఎక్కి ఉంటుంది. ముందు రోజు సాయంత్రానికే బ్రిడ్జ్ ఆఫ్ ఆర్కీ చేరి, రాత్రి అక్కడ పడుకుని, ఏడింటికల్లా బాట మీద ఉండాలి. బస దొరకకపోతే ఆ రోజు కింగ్స్‌హౌస్ వరకే అని ముందే నిర్ణయించుకుని రైలెక్కండి.

దారి గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కడ వెనక్కి తిరగవచ్చో, ఎక్కడ తిరగకూడదో దారి స్వభావాన్ని బట్టే తెలుస్తుంది. గ్లాస్గో పక్కన ఉన్న మల్గై నుంచి ఫోర్ట్ విలియం దాకా 154 కిలోమీటర్ల పొడవున సాగే ఈ బాటను 1980 అక్టోబరులో ప్రారంభించారు. అందులో మీరు ఎంచుకున్నది బయళ్లు ఎక్కువగా ఉన్న భాగం. బ్రిడ్జ్ ఆఫ్ ఆర్కీ స్టేషన్ నుంచి వంతెన దాటి చిన్న కొండ భుజం ఎక్కితే, కింద లాక్ టుల్లా సరస్సు కనిపిస్తుంది. అక్కడి నుంచి దిగగానే ఇన్వరొరన్ హోటల్. ఇది నాలుగు కిలోమీటర్ల లోపే. ఆ తరువాత విక్టోరియా బ్రిడ్జి, దాని పక్కన ఫారెస్ట్ లాడ్జ్, అంతటితో ఇళ్లు అయిపోతాయి. మళ్లీ కప్పున్న చోటు గ్లెన్‌కో స్కీయింగ్ కేంద్రం దగ్గర గానీ, దానికి కొద్ది దూరంలోని కింగ్స్‌హౌస్ దగ్గర గానీ మాత్రమే దొరుకుతుంది. మధ్యలో సుమారు పదిహేను కిలోమీటర్లు ర్యానక్ మూర్ అనే చిత్తడి బయలు పడమటి అంచు. పటంలో బా కాటేజ్ అని రాసి ఉంటుంది. అది శిథిలమైన గోడలు మాత్రమే, తలదాచుకునే చోటుగా లెక్కలోకి తీసుకోకండి. దారి పక్కన అక్కడక్కడా పైన్ చెట్ల తోపులు ఉన్నాయి, అవి గాలిని కొంత ఆపుతాయి, వానను ఆపవు.

అందుచేత మీ మొదటి నిర్ణయ స్థలం విక్టోరియా బ్రిడ్జి. ముందు రోజు రాత్రి చూసిన వాతావరణ సూచనతో అక్కడి ఆకాశాన్ని, గాలిని పోల్చి చూడండి. కొండల కోసం విడిగా ఇచ్చే సూచనలు ఉన్నాయి, బ్రిటన్ వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ ఇస్తుంది, మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ పశ్చిమ హైలాండ్స్‌కు వేరుగా ఇస్తుంది. మొబైల్ ఫోన్‌లో కనిపించే ఊరి సూచనను నమ్ముకోకండి. వాటిలో వాన వరుస కంటే గాలి వరుస ముందు చదవండి. వాన ఎక్కువ, గాలి తక్కువ అంటే తడిసిన రోజు. వాన తక్కువైనా గాలి గంటకు అరవై, డెబ్బై కిలోమీటర్లంటే అది కష్టమైన రోజు.

ఇక్కడ దిక్కులు కూడా గుర్తుంచుకోవాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు. మీరు ఉత్తరానికి నడుస్తారు, గాలి సాధారణంగా నైరుతి నుంచి వస్తుంది కాబట్టి మూర్ మీద అది ఎడమ భుజం వెనక నుంచి తోస్తూ ఉంటుంది. నడక సుఖంగానే అనిపిస్తుంది, వాన అంత ఎక్కువేమీ లేదే అనిపిస్తుంది. మూర్ మీద దారిలో వచ్చే బా బ్రిడ్జి అనే వంతెన దాటాక ఎవరికైనా బాగాలేదని వెనక్కి తిరిగితే మాత్రం అదే గాలి, అదే వాన నేరుగా మొహాన కొడతాయి, వచ్చిన దూరం రెట్టింపైనట్టు ఉంటుంది. కాబట్టి బా బ్రిడ్జికి ముందైతే వెనక్కి, దాటితే ముందుకే అని పెట్టుకోండి. అక్కడి నుంచి దారి మెల్లగా ఎక్కి సుమారు 445 మీటర్ల ఎత్తుకు చేరి, తరువాత స్కీయింగ్ కేంద్రం వైపు దిగుతుంది. రోజులో మొదటి సగంలో బాగా చలి పట్టే చోటు ఆ ఎత్తే.

మూర్ మీద ఒక ఆశ పుడుతుంది, దానికి లొంగకండి. తూర్పున ఏ82 రహదారి కనిపిస్తుంది, దాని మీద బస్సులు, లారీలు వెళుతుంటాయి, రెండు మూడు కిలోమీటర్లే కదా, అడ్డంగా నడిచి రోడ్డెక్కి బస్సు ఆపుదాం అనిపిస్తుంది. మధ్యలో ఉన్నది నేల కాదు, వేల ఏళ్లుగా నాచు, గడ్డి కుళ్లి పేరుకున్న పీట్, దాని నిండా నీటి గుంటలు, మోకాలి లోతు ఊబులు, చిన్న సరస్సులు. 1890లలో గ్లాస్గో, ఫోర్ట్ విలియం రైలు మార్గాన్ని ఈ మూర్ మీదుగా వేసినప్పుడు ఇంజినీర్లకు గట్టి నేల దొరకక, చెట్ల వేర్లు, కొమ్మల మోపులు పరిచి, వాటిమీద మట్టి, బూడిద పోసి, ఆ పరుపు మీద పట్టాలు తేల్చారు. రైలునే తేల్చవలసి వచ్చిన నేల మీద తడిసి అలసిన మనిషి అడ్డదారి వెతకకూడదు. మీరు నడిచే బాట మాత్రం గట్టిది. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో థామస్ టెల్ఫర్డ్ ఆధ్వర్యంలో వేసిన రోడ్డు అది, రాళ్లు పరిచిన బాట. పొగమంచు కమ్మినా తప్పిపోవడం కష్టం. కాకపోతే గంటల తరబడి ఆ రాళ్ల మీద నడిస్తే అరికాళ్లు మండుతాయి, తడిస్తే కొన్ని రాళ్లు నున్నగా జారుతాయి.

దుస్తుల విషయానికి వస్తే, నూలు బట్ట ఒక్కటి కూడా వద్దు. జీన్స్, కాటన్ టీషర్ట్, కాటన్ బనియన్, లోదుస్తులతో సహా అన్నీ ఇంట్లో వదిలేయండి. నూలు నీటిని పీల్చుకుని పట్టి ఉంచుతుంది, ఆరదు, ఒంటి వేడినంతా లాగేస్తుంది. లోపలి పొరగా పాలిస్టర్ లేదా మెరీనో ఉన్ని బనియన్, దానిమీద పలుచని ఫ్లీస్ చొక్కా, పైన వాన జాకెట్, నడుము కింద త్వరగా ఆరే ప్యాంటు, దానిమీద వాన ప్యాంటు. ఖరీదైన బ్రాండు అక్కరలేదు. అతుకులకు లోపలి వైపు టేపు వేసి ఉండాలి, టోపీకి ముందు చిన్న చూరు ఉండి తాడుతో బిగించుకునేలా ఉండాలి, జిప్పు మీద మూత ఉండాలి. మనవాళ్లు చాలామంది తెచ్చుకునే పాంచో గాలిలో తెరచాపలా ఎగిరి మొహం మీద పడుతుంది, గొడుగు పది నిమిషాల్లో విరుగుతుంది. ఎంత మంచి జాకెట్ అయినా రోజంతా వానలో లోపల కొంత తడి చేరుతుంది, అందులో సగం మీ చెమటే. ఎక్కేటప్పుడు ఫ్లీస్ తీసేసి, కొంచెం చలిగా ఉన్నట్టుగానే నడవాలి. చెమట పట్టేంత వెచ్చగా నడిస్తే ఆగిన మరుక్షణం ఆ చెమటే చల్లబడుతుంది.

పొడి బట్టల సంగతి దీనికంటే ముఖ్యం. సంచి అడుగున, దళసరి ప్లాస్టిక్ సంచిలో మూతి మెలిపెట్టి కట్టి, ఒక్కొక్కరికి ఒక పొడి బనియన్, ఒక వెచ్చని జాకెట్, రెండు జతల సాక్సులు, ఒక ఉన్ని టోపీ ఉండాలి. ఆ జాకెట్ ఈకలు నింపినదైతే తడిసినప్పుడు ఉండకట్టి పనికిరాకుండా పోతుంది, కృత్రిమ దూది నింపినది తడిసినా కొంత వేడినిస్తుంది. సంచి పైన తొడిగే తొడుగు మీద నాకు నమ్మకం లేదు, గాలి దాన్ని ఊడదీసుకుపోతుంది. సంచి లోపల వేసే ప్లాస్టిక్ సంచే నికరం. ఈ పొడి బట్టలు నడుస్తున్నప్పుడు వేసుకోవడానికి కాదు. ఎంత చిరాకుగా ఉన్నా తడి బట్టలతోనే నడవాలి, పొడివి ప్రమాదం వచ్చినప్పటికి, గమ్యం చేరాకకు దాచుకోవాలి. గ్లౌజులు రెండు జతలు పెట్టుకోండి. వేళ్లు కొంకర్లు పోతే జిప్పు తీయలేరు, తాడు ముడి విప్పలేరు, ఫోన్ నొక్కలేరు, తినే పొట్లం కూడా చించలేరు. సంచిలో అన్నీ ఉండి ఏదీ అందని స్థితి అదే.

కాళ్ల గురించి నా అభిప్రాయం దుకాణాల్లో చెప్పే మాటకు కొంచెం భిన్నంగా ఉంటుంది. నీరు చొరబడని బూట్లన్నవి పొద్దున పూట బాగానే ఉంటాయి, కానీ రోజంతా వానలో ప్యాంటు మీదుగా, సాక్సు మీదుగా నీరు పైనుంచి దిగుతుంది, దిగిన నీరు బయటికి పోదు. ఈ బాట మీద బాగా పట్టు ఉన్న, ఇప్పటికే పాదానికి అలవాటైన బూట్లు ఏవైనా సరే. కొత్తవి మాత్రం వద్దు. బయలుదేరే ముందు మడమలకు, వేళ్ల మధ్య వ్యాజలిన్ దట్టంగా రాసుకోండి, ఎక్కడ ఒరుసుకుంటున్నట్టు అనిపించినా పొక్కు రాకముందే ఆగి ప్లాస్టర్ వేయండి, కింగ్స్‌హౌస్‌లో కాళ్లు తుడిచి సాక్సులు మార్చండి. నానిన పాదం త్వరగా తెగుతుంది.

తిండి విషయంలో మీరు పులిహోర కట్టుకుంటామని రాశారు. పులిహోర మీద నాకు ఎంత మక్కువ ఉన్నా, చలిగాలిలో డబ్బా మూత తీసి, కొంకర్లు పోయిన వేళ్లతో అన్నం తినడానికి పావుగంట ఒకచోట కూర్చోవాలి. ఆ పావుగంటలోనే ఒంట్లో వేడి దిగిపోతుంది. అది కింగ్స్‌హౌస్ దాకా సంచిలో ఉండనివ్వండి. దారిలో తినవలసింది నడుస్తూనే తినగలిగేది, జాకెట్ జేబులో ఉండేది: పల్లీ చిక్కీ, నువ్వుండలు, ఖర్జూరం, చుట్టిన చపాతీ. చలికి వణకడానికి, నడవడానికి శరీరం చాలా ఖర్చు పెడుతుంది కాబట్టి ఆకలి వేయకపోయినా గంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలి. ఫ్లాస్కులో తీపి ఎక్కువ వేసిన టీ తీసుకెళ్లండి, ముగ్గురికీ ఒకటైనా చాలు. వాన రోజున దాహం తెలియదు, అయినా నీళ్లు తాగుతూ ఉండాలి.

ఇక కింగ్స్‌హౌస్. ఇది ఇరవై కిలోమీటర్ల గుర్తు. ఇక్కడ మీకు హోటల్ ఉంది, రోడ్డు దగ్గర ఉంది, బస్సు దారి ఉంది, బువకిల్ ఎటివ్ మోర్ అనే సుమారు 1020 మీటర్ల కొండ మేఘం లేకపోతే ఎదురుగా నిలబడి ఉంటుంది. లోపలికి వెళ్లి వేడిగా ఏదైనా తాగండి, అయితే కూర్చునే ముందే గడియారం చూసి, ఒకరినొకరు చూసుకుని నిర్ణయం తీసుకోండి, ఎందుకంటే కూర్చున్నాక నిర్ణయాన్ని కుర్చీ తీసుకుంటుంది. ఒకరు ఆగుదామంటే ముగ్గురూ ఆగాలన్న నియమం బయలుదేరకముందే పెట్టుకోండి. వెనకబడుతున్న మనిషి సాధారణంగా తాను బాగానే ఉన్నానని చెబుతాడు, పక్కవాళ్లకు భారం కాకూడదని. అందుకే అతన్ని అడగడం కంటే అతని నడకను చూడటం మేలు.

ముందుకు వెళ్లాలనుకుంటే పొద్దుటి నుంచి వెనక ఉన్న గాలి ఇప్పుడు ఎదురొస్తుందని గుర్తుంచుకోండి. కింగ్స్‌హౌస్ నుంచి ఆల్ట్‌నఫే వరకు దారి పడమటికి తిరుగుతుంది. ఆ నాలుగైదు కిలోమీటర్లలోనే కొందరు ఓపిక అంతా పోగొట్టుకుంటారు. ఆల్ట్‌నఫే రోడ్డు పక్కనే ఉన్నందున అది మీ చివరి నిర్ణయ స్థలం. అక్కడి నుంచి డెవిల్స్ స్టెయిర్‌కేస్ అనే మెలికల దారి సుమారు 250 మీటర్లు ఎక్కి, దాదాపు 550 మీటర్ల ఎత్తున కనుమ దాటుతుంది. మొత్తం వెస్ట్ హైలాండ్ వేలో ఇదే ఎత్తైన చోటు. పద్దెనిమిదో శతాబ్దం నడుమ సైనికులు రాళ్లు మోసి వేసిన దారి ఇది. పేరు విని భయపడనక్కరలేదు, 3550 మెట్ల అలిపిరి దారి ఎక్కినవారికి ఈ ఎక్కుడు ఏమీ కాదు. ఇబ్బంది అవతలి వైపు ఉంది. 1905 నుంచి 1909 దాకా కిన్‌లాక్‌లెవెన్ పైన బ్లాక్‌వాటర్ ఆనకట్ట కట్టినప్పుడు అక్కడి కూలీలు కొందరు సెలవు సాయంత్రాలు ఈ కనుమ మీదుగా కింగ్స్‌హౌస్‌కు తాగడానికి వచ్చి, తిరిగి వెళ్తూ చలికి దారిలోనే ప్రాణాలు విడిచారు. ఆ కొండ వాళ్లకు కొత్త కాదు, రోజూ ఉండే చోటే.

కనుమ మీద ఆగకండి, ఫొటోలు తీయడానికి కూడా. అక్కడి నుంచి సముద్రమట్టం దాకా, అంటే 550 మీటర్లూ దిగాలి, దిగుడు పొడవుగా, వదులు రాళ్లతో ఉంటుంది, వాన పడితే బాటే చిన్న వాగుగా మారుతుంది. అడ్డంగా పారే వాగులు మామూలుగా రాళ్ల మీద అడుగేసి దాటేవే. నీరు మోకాలి దాకా వచ్చి ఒరవడిగా ఉంటే దాటకుండా పైకి నడిచి వెడల్పు చోటు వెతకండి, లేకపోతే వెనక్కి తిరిగి రోడ్డుకు దిగండి. అలసిన మోకాళ్లతో తడి రాళ్ల మీద దిగేటప్పుడే చీలమండలు మెలికపడతాయి. రెండు ఊతకర్రలు ఉంటే వాటిని ఈ దిగుడు కోసమే తెచ్చుకున్నామనుకోండి. ప్రతి ఒక్కరి దగ్గరా హెడ్ టార్చ్ ఉండాలి, ముగ్గురికి ఒకటి అంటే ఇద్దరు గుడ్డిగా నడవాలి.

చలి శరీరాన్ని లోబరుచుకుంటోందని ఎలా తెలుస్తుందన్నది మీరు అడగలేదు గానీ, ఈ సమాధానంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే దిగితే హైపోథర్మియా అంటారు. మొదట ఆపుకోలేని వణుకు, తరువాత తడబడే నడక, తడబడే మాట, వేళ్లతో చిన్న పని కూడా చేయలేకపోవడం, కారణం లేని మొండితనం లేదా మౌనం. వణుకు ఆగిపోయి మనిషి మెరుగైనట్టు కనిపిస్తే పరిస్థితి విషమించినట్టు. అలాంటివారిని ఇంకో రెండు కిలోమీటర్లే అని నడిపించకండి. గాలి తగలని రాతి చాటు చూసి, కింద సంచి వేసి కూర్చోబెట్టి, తడి పై బట్టలు తీసి దాచుకున్న పొడివి తొడిగి, నారింజ రంగు ప్లాస్టిక్ సర్వైవల్ బ్యాగులో దూర్చి, మిగతా ఇద్దరూ ఆనుకుని కూర్చోండి. స్పృహలో ఉండి మింగగలిగితే తీపి టీ, చిక్కీ ఇవ్వండి. విస్కీ ఇవ్వకూడదు, అది చర్మానికి రక్తం తోసి లోపలి వేడిని ఇంకా తగ్గిస్తుంది. ఆ నారింజ సంచి చాలా చవక, బరువు లేదు. ముగ్గురి దగ్గరా మూడు ఉండాలి.

సహాయం పిలవాలంటే 999 చేసి పోలీస్ అడిగి, ఆపైన మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. మూర్ మీద సిగ్నల్ చాలాచోట్ల అందదు, మాట వెళ్లని చోట సందేశం వెళ్లవచ్చు కనుక, బయలుదేరే ముందే రిజిస్టర్ అనే ఇంగ్లీషు మాటను 999కి సందేశంగా పంపి, వచ్చిన జవాబులో చెప్పినట్టు నమోదు చేసుకోండి. అక్కడి రక్షణ బృందాలవారు స్వచ్ఛంద సేవకులు, డబ్బు తీసుకోరు. ఖర్చు భయంతో ఆలస్యం చేయకండి. ఫోన్ పనిచేయకపోతే నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊది ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదాలి, రాత్రయితే టార్చితో అలాగే. తడిసిన తెర వేలిని గుర్తించదు, చలికి బ్యాటరీ త్వరగా దిగుతుంది కాబట్టి ఫోన్‌ను లోపలి జేబులో ఉంచి, దారి కోసం నీరు తగలని కాగితపు పటం వాడండి. దారి పొడవునా షడ్భుజిలో తెల్లని థిసిల్ (ముళ్లమొక్క) పువ్వు గుర్తు ఉన్న గుంజలు కనిపిస్తాయి. మీ వేళలను గ్లాస్గోలో ఒక స్నేహితుడికి రాసిచ్చి, ఎన్నింటికి మీ నుంచి కబురు రాకపోతే అతను ఫోన్ చేయాలో ఆ గంట కూడా చెప్పి వెళ్లండి.

చిన్న సంగతి ఒకటి: సెప్టెంబరు చివరకు మిడ్జ్‌లనే ఆ సన్నని కుట్టుడు దోమల బెడద చాలావరకు తగ్గుతుంది, గాలి ఉన్న రోజున అసలు ఎగరవు, కాబట్టి దాని గురించి మీరు రాసిన భయం అక్కరలేదు. కిన్‌లాక్‌లెవెన్ చేరాక బస ఎక్కడైనా బట్టలు ఆరబెట్టే గది ఉందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి. బూట్లలో పాత వార్తాపత్రికలు కుక్కి, గంటకోసారి మారిస్తే తెల్లారేసరికి వేసుకోదగ్గట్టు ఆరతాయి. అక్కడి నుంచి ఫోర్ట్ విలియంకు స్థానిక బస్సు ఉంది, అక్కడ గ్లాస్గో రైలు దొరుకుతుంది. ఆదివారాల్లో బస్సులు తక్కువ కనుక నడక శనివారం పెట్టుకోకుండా శుక్రవారం పెట్టుకోండి.